పదికి పది వచ్చిన మనిషి

ఆ గది తలుపు మీద 'పరీక్షల విభాగం' అని రాసి ఉండడం వల్ల నెలకు ఇద్దరైనా చేతిలో సీసా పట్టుకుని లోపలికి వచ్చేవారు. "ఇక్కడ కాదండీ, కింది అంతస్తు, మెట్ల పక్కన" అని చెప్పడం ఆ గదిలో కూర్చునే ఆవిడకు అలవాటైపోయింది. ఆస్పత్రి మొత్తం ఆవిడను పరీక్షల మేడమ్ అనే పిలిచేది. ఆవిడ చేసేవి రక్తం పరీక్షలు కావు, ఉద్యోగం పరీక్షలు. ఎవరిని పనిలోకి తీసుకోవాలన్నా, వాళ్ళ తెలివి ఎంత, స్వభావం ఎలాంటిది అన్నది కాగితం మీద తేల్చి, కింద సంతకం పెట్టి పెద్దసారుకు పంపాలి. ఆరేళ్ళుగా అదే పని.

ఆ పనంటే మేడమ్‌కు గౌరవం. ఫలానా వారి మేనల్లుడనీ, ఫలానా వారి తోడికోడలి చెల్లెలనీ చెప్పి ఉద్యోగాల్లో దూరిన వాళ్ళను ఆవిడ చాలామందిని చూసింది. కాగితానికి బంధువులుండరు కదా అనుకునేది.

పరీక్షలో రెండు భాగాలు. మొదటిది తెలివికి. ఇరవై నిమిషాల్లో నలభై ప్రశ్నలు. బొమ్మల వరుసలో లేని బొమ్మ ఏది, అంకెల వరుసలో తరవాతి అంకె ఏది అని. రెండోది స్వభావానికి. నూట ఇరవై వాక్యాలు, ఒక్కోదాని పక్కన 'అవును', 'కాదు' అని రెండు గళ్ళు. ఈ నూట ఇరవైలో పది వాక్యాలు వేరే జాతివి. 'నేను ఎన్నడూ పనికి ఆలస్యంగా రాలేదు.' 'ఎవరి గురించీ ఎన్నడూ వెనకాల చెడుగా మాట్లాడలేదు.' 'నా తప్పును ఎన్నడూ దాచలేదు.' 'ఇచ్చిన మాట ఎన్నడూ తప్పలేదు.' 'నేను ఎన్నడూ అబద్ధం చెప్పలేదు.' ఇలాంటివి. మామూలు మనిషి ఎవరూ వీటన్నిటికీ అవునని పెట్టలేరు. ఏడింటికి మించి పెట్టారంటే, ఉద్యోగం కోసం లేని మంచితనం నటిస్తున్నారని లెక్క. యంత్రం ఆ అంకె చెబుతుంది. 'నమ్మదగినది కాదు' అనే ఎర్ర ముద్ర మాత్రం మేడమ్ తన చేత్తో వేయాలి. ముద్ర పడిన కాగితంలో మిగతా నూట పది వాక్యాలనూ ఎవరూ చదవరు.

మొత్తం పరీక్షలో ఆవిడకు ఎక్కువ ముచ్చటగా తోచేవి ఆ పది వాక్యాలే. దొంగ తనంతట తనే వచ్చి చిక్కే బోను అది.

ఆ సోమవారం పనిముట్ల గదిలో ఒక పర్మనెంటు ఉద్యోగానికి ఎనిమిది మంది పరీక్ష రాశారు. ఆపరేషన్లలో వాడిన కత్తెరలూ పటకారులూ కడిగి, లెక్కపెట్టి, ట్రేలలో సర్ది, గుడ్డ చుట్టి ఆవిరి యంత్రంలో పెట్టే గది అది. ఎనిమిది మందిలో ఏడుగురు బయటివాళ్ళు. ఎనిమిదో మనిషి అదే గదిలో ఆరేళ్ళుగా టెంపరరీగా పనిచేస్తున్న ఒక నలభై ఐదేళ్ళావిడ. ఏ ట్రే ముందు నిలబడినా లెక్క అయిపోయాక "ఇంకోసారి" అంటుందని, ఆవిడకు అందరూ ఇంకోసారక్క అని పేరు పెట్టారు. ఈ నెలాఖరుతో టెంపరరీ వాళ్ళు ఎవరూ ఉండకూడదని పైనుంచి ఉత్తర్వు. ఈ ఉద్యోగం వస్తే అక్క ఉంటుంది, రాకపోతే బయటికే.

యంత్రం ఏడుగురి అంకెలూ మామూలుగానే చెప్పింది. రెండు, నాలుగు, మూడు. ఎనిమిదో కాగితానికి పది అంది.

మేడమ్ కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి మళ్ళీ పెట్టింది. పది. ఆరేళ్ళలో ఎవరికీ పది రాలేదు. ముద్ర పడినా ఎవరిదో సిఫారసుతో మందుల గదిలో చేరి, డబ్బాలు సంచిలో వేసుకుపోతూ దొరికిన మనిషి కాగితం తరవాత తీసి చూస్తే, అతనికి కూడా ఎనిమిదే.

"ఎంత ధైర్యం ఈవిడకి!" అని పైకే అనేసింది.

తెలివి కాగితం చూస్తే అక్కడా ఏదో వింతగా ఉంది. అక్క నలభైలో ఇరవై మూడే చేసింది. గట్టెక్కడానికి ఇరవై చాలు కాబట్టి పాసే. కానీ చేసిన ఇరవై మూడూ ఒప్పు. ఒక్క తప్పు లేని కాగితం కూడా మేడమ్ అంతవరకూ చూడలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల బల్ల దగ్గర అత్తగారు కూరలు తరుగుతున్నారు. కూతురు కాలేజీ పుస్తకం ముందు పెట్టుకుని ఫోన్ చూస్తోంది. మేడమ్ ఆ పది వాక్యాలనూ బయటికి తీసింది.

"అత్తయ్యా, మీరు ఎన్నడైనా అబద్ధం చెప్పారా?"

"నువ్వు ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ నీ వంట బాగుందనే చెబుతున్నాను కదమ్మా" అన్నారు ఆవిడ, కత్తి ఆపకుండా.

కూతురు పడీ పడీ నవ్వింది. అప్పుడే వచ్చి కూర్చున్న భర్త 'ఇచ్చిన మాట ఎన్నడూ తప్పలేదు' అన్నదానికి గట్టిగా అవునన్నాడు.

"వంటింటి కుళాయి బాగు చేయిస్తానని ఎప్పుడన్నావురా?" అన్నారు అత్తగారు.

"చేయించనని ఎప్పుడైనా అన్నానా అమ్మా?"

చివరికి అత్తగారికి రెండు, కూతురికి ఒకటి, బోలెడు బేరమాడిన మీదట భర్తకు నాలుగు వచ్చాయి.

"చూశారా, పదికి పది వచ్చే మనిషి ఈ భూమ్మీద ఉండదు" అంది మేడమ్.

"నీకెన్ని వచ్చాయమ్మా, చేరేటప్పుడు?" అని అడిగింది కూతురు.

"మూడు."

"మూడు రాకేం? ముందురోజు నేను కూర్చోబెట్టి చెప్పలేదూ?" అన్నాడు భర్త. "ఈ పదీ ఉచ్చులు, ఓ మూడింటికి అవునని పెట్టి మిగతావి కాదను అని. నా స్నేహితుడు చెప్పబట్టి గట్టెక్కావు."

"అంటే అమ్మ కాపీ కొట్టి నిజాయితీపరురాలైపోయిందన్నమాట!" అంది కూతురు.

అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వింది కానీ ఆ నవ్వు మధ్యలోనే ఎక్కడో ఆగిపోయింది. ఆ సంగతి ఆవిడ నిజంగానే మరచిపోయింది.

మంగళవారం పొద్దున్నే అక్కను పిలిపించింది. రాసినవాళ్ళతో కాగితం గురించి మాట్లాడకూడదన్నది నియమం. అయినా పిలిపించింది. అక్క తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"కూర్చో. నలభై ప్రశ్నలుంటే ఇరవై మూడే చేశావేం?"

"చేసినవి ఇంకోసారి చూసుకున్నాను కదమ్మా."

"సరే. ఎన్నడూ ఆలస్యంగా రాలేదని పెట్టావు. ఒక్కరోజు కూడానా?"

"లేదమ్మా. రెండు బస్సులు ముందుదే ఎక్కుతాను."

"ఎవరి గురించీ వెనకాల మాట్లాడలేదా?"

"మాట్లాడితే లెక్క తప్పుతుంది. ఆ గదిలో నోరూ చెయ్యీ ఒకేసారి పనిచేస్తే నా వల్ల కాదు."

"తప్పు ఎన్నడూ దాచలేదా?"

"దాస్తే ఎలాగమ్మా? ఆ ట్రే పోయేది మనిషి కడుపులోకి కదా." అక్క ఆ మాట టైము ఎంతైందో చెప్పినట్టు చెప్పింది.

ఇంత తొణక్కుండా చెబుతోందంటే ఆరితేరిన మనిషైనా అయి ఉండాలి, లేదా... ఆ 'లేదా' తరవాత ఏముందో మేడమ్‌కు తోచలేదు. రిపోర్టు శుక్రవారానికి ఇవ్వాలి. సొరుగులోంచి తీసిన ఎర్ర ముద్రను మళ్ళీ సొరుగులోనే పడేసింది.

మర్నాడు హాజరు పట్టీ తెప్పించింది. ఆరేళ్ళ పట్టీ. వేలు పెట్టి ఒక్కొక్క నెలా దిగింది. అక్క పేరు పక్కన ఆలస్యం అన్న గుర్తు ఒక్కటి లేదు. మధ్యలో ఒక వారం సెలవు ఉంది, తల్లి పోయినప్పటిది. మేడమ్ పట్టీ మూసింది. తను ఆస్పత్రి ఎదురుగా వీధిలోనే ఉండి కూడా నెలకు మూడుసార్లు ఆలస్యంగా వస్తుంది.

మధ్యాహ్నం పనిముట్ల గదికి వెళ్ళింది. ఆరేళ్ళలో ఆ గది గడప తొక్కడం అదే మొదటిసారి. ఆ గదిని చూసుకునే పెద్ద నర్సమ్మ అద్దం కిటికీ ఇవతలే కూర్చోబెట్టింది. లోపల అక్క ఒక ట్రే ముందు నిలబడి ఉంది. నలభై రెండు పనిముట్లు. ఒక్కొక్కటే వెలుతురుకు ఎత్తి, కీలు తెరిచి మూసి, మొన మీద బొటనవేలు ఆనించి, గుడ్డ మీద పెడుతోంది. పెదవులు కదలడం లేదు. ముప్పై ఒకటో ముప్పై రెండో చేతిలోకి తీసుకుని ఆగింది. మళ్ళీ తెరిచింది, మూసింది. చెవి దగ్గర పెట్టుకుని ఇంకోసారి మూసింది. పక్కకు పెట్టేసింది.

నర్సమ్మ లోపలికెళ్ళి ఆ పటకారు తెచ్చి మేడమ్ చేతిలో పెట్టింది. "ఏమైనా కనిపిస్తోందా?"

మేడమ్ కళ్ళజోడు సర్దుకుని చూసింది. ఏమీ లేదు. నర్సమ్మ భూతద్దం ఇచ్చింది. కీలు దగ్గర, తల వెంట్రుకలో సగం కూడా లేని బీట.

మేడమ్ వెలుతురు వైపు తిరిగింది. భూతద్దం పక్కన పెట్టి ఉత్త కళ్ళతో మళ్ళీ చూసింది. బీట మాయమైంది. భూతద్దం పెడితే వచ్చింది.

"దేవతనుకునేరు మేడమ్!" అంది గుడ్డలు మడుస్తున్న ఒకావిడ. "పక్కన నిలబడి పనిచేసి చూడండి, తల బద్దలైపోతుంది. మేం మూడు ట్రేలు కట్టేసరికి ఆవిడ రెండు కడుతుంది. పోనీ ఓ ముక్క కబుర్లాడుతుందా అంటే అదీ లేదు. ఆవిడ పక్కన ఉంటే మాకూ నోరు కట్టేసినట్టుంటుంది."

"నీ గురించి ఎప్పుడైనా ఎవరితోనైనా ఏమైనా అందా?"

ఆవిడ కొంచెంసేపు ఆలోచించింది. ముఖం మారింది. "లేదు" అంది, అంతవరకూ ఆ సంగతి తనకే తట్టనట్టు. "మేమే ఆవిణ్ణి రోజూ అంటాం."

తలుపు పక్కన మేకుకు దారంతో ఒక లావు పుస్తకం వేలాడుతోంది. దానికే ఇంకో దారంతో పెన్ను.

"తప్పుల పుస్తకం" అంది నర్సమ్మ. "ఎవరు ఏ తప్పు చేసినా వాళ్ళే రాయాలని ఎప్పుడో పెట్టారు. ఎవరు రాస్తారు మేడమ్? అందరివీ కలిపి పంతొమ్మిది ఉంటాయేమో. ఆవిడవి మాత్రం రెండు వందల పధ్నాలుగు. పోయినేడు తనిఖీకి వచ్చినాయన ఇవన్నీ లెక్కపెట్టి, ఈ గదిలో అందరికంటే పనికిరాని మనిషి ఈవిడేనని రాసిపోబోయాడు. కాళ్ళా వేళ్ళా పడి ఆపాను."

మేడమ్ నిలబడే చదవడం మొదలుపెట్టింది.

'మూడో ట్రేలో చిన్న కత్తెర మొన చూడకుండా గుడ్డ చుట్టబోయాను. చుట్టలేదు. కానీ చుట్టబోయాను.'

'ఇరవై తొమ్మిది దగ్గర ఇంటి సంగతి గుర్తొచ్చింది. మొదటినుంచి లెక్కపెట్టాను. లెక్క సరిపోయింది. ధ్యాస తప్పింది.'

'నీళ్ళు చాలినంత వేడిగా లేవని అనుమానం వచ్చింది. అడగడానికి మొహమాటపడి ఒక నిమిషం ఆలస్యంగా అడిగాను.'

పేజీ తరవాత పేజీ. ఎవరూ చూడనివి, ఎవరికీ తెలిసే వీలు లేనివి. ఏ రోజూ ఎవరికీ ఏ హానీ జరగని తప్పులు. ఒకే గుండ్రటి దస్తూరీ, ఒకే రకం ఓపిక. మేడమ్ చదువుతూ చదువుతూ పక్కనున్న స్టూలు మీద కూలబడింది. ఒక మనిషి ఆరేళ్ళపాటు, ఎవరూ చూడని గదిలో, ఎవరూ చదవని పుస్తకంలో ఇలా రాసుకుంటూ పోవడం ఆవిడ ఊహకు అందలేదు. లోపల అక్క గొంతు వినబడింది, "ఇంకోసారి" అని.

గురువారం మధ్యాహ్నం అక్క తనే పైకి వచ్చింది. ఈసారి కూర్చోమనకుండానే కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని రెండు మూడుసార్లు గొంతు సవరించుకుంది.

"ఒకదానికి తప్పు పెట్టానమ్మా. ఎన్నడూ అబద్ధం చెప్పలేదు అన్నదానికి. పనిలో అనుకుని అవునని పెట్టేశాను. రెండు రోజులుగా అదే పీకుతోంది. ఒకటి చెప్పాను."

"ఏం చెప్పారు?" తనకు తెలియకుండానే మేడమ్ నోట మీరు అని వచ్చింది.

"మా అమ్మ పోయేముందు తమ్ముడేడి అని అడిగింది. వాడు రానని చెప్పేశాడు. నేను బస్సెక్కాడమ్మా, వస్తున్నాడు అన్నాను. గుమ్మం వైపు చూస్తూనే పోయింది." అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మంచికే చెప్పానని అందరూ అన్నారు. మంచికైనా అది అబద్ధమే కదా. దాన్ని కాదని మార్చండమ్మా. ఉద్యోగం పోతే పోనీండి."

పదిలో ఒకటి పోతే తొమ్మిది. తొమ్మిదికీ ఎర్ర ముద్రే. నిజాన్ని ఇంకా నిజం చేసుకోవడానికి మెట్లెక్కి వచ్చిన ఈ మనిషిని పట్టుకోవడానికి ఆ యంత్రంలో గడి లేదు.

"మీరు వెళ్ళండి. నేను చూస్తాను" అంది.

"ఇంకోసారి చూడండమ్మా" అని అక్క మెట్లు దిగిపోయింది.

శుక్రవారం మేడమ్ మూడు వస్తువులతో పెద్దసారు గదికి వెళ్ళింది. ముద్ర పడని కాగితం, హాజరు పట్టీ, ముందురోజు సాయంత్రమే మేకునుంచి తీసిన తప్పుల పుస్తకం. దాని దారానికి పెన్ను ఇంకా వేలాడుతూనే ఉంది.

పెద్దసారు కాగితం చూడగానే, "పదా? ముద్ర వేయలేదేం?" అన్నాడు.

"వేయలేకపోయాను సార్. పదిలో ఒకటి ఆవిడే వచ్చి తప్పని చెప్పింది. నేను చూడగలిగినవి చూశాను. అవన్నీ నిజం."

"ఎలా నిజమవుతాయి? అలాంటి మనిషి ఉండదనే కదా ఆ ప్రశ్నలు పెట్టింది?"

"ఉండదనే నేనూ అనుకున్నాను సార్. మన కింది అంతస్తులోనే ఉంది."

ఆయన నవ్వి పుస్తకం ముందుకు లాక్కున్నాడు. ఏదో ఒకటి చూసి పక్కన పెట్టేద్దామన్నట్టు తిప్పాడు. ఒక పేజీ, ఇంకో పేజీ. ఫోన్ మోగితే తీసి, "తరవాత" అని పెట్టేశాడు. ఒకచోట ఆయన వేలు ఆగిపోయింది. మేడమ్‌కు ఆ పేజీ తెలుసు. రాత్రి ఇంట్లో మూడుసార్లు చదివి అత్తగారికి కూడా వినిపించింది.

'ఈరోజు పెద్దసారుకే ఆపరేషన్ అట. జాగ్రత్తగా ఎక్కువసార్లు లెక్కపెట్టమని అందరూ చెప్పారు. నేను రోజూ పెట్టినట్టే రెండుసార్లు పెట్టాను. ఆయన కోసం వేరుగా ఏమీ చేయలేదు. ఇది తప్పో కాదో తెలియక రాస్తున్నాను.'

పెద్దసారు చెయ్యి తెలియకుండానే పొట్ట కుడివైపుకు పోయింది. కిటికీ బయట ఎవరో బండి తోసుకుపోతున్న చప్పుడు దగ్గరై దూరమైంది.

"ఈ పుస్తకం ఎవరు చదువుతారు?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"ఎవరూ చదవరు సార్."

ఆయన కాగితం కింద సంతకం పెట్టాడు. పెన్ను మూయబోయి ఆగాడు. "ఈ ఒక్కరి సంగతి సరే. రేపు ఇంకెవరికైనా పది వస్తే ఏం చేస్తావు?"

"కిందికి వెళ్ళి చూడాలి సార్. ఎనిమిది వచ్చినా సరే."

"అందరికీ అలా వెళ్ళి చూసే తీరిక నీకుందా?"

మేడమ్ పట్టీ, పుస్తకం చేతిలోకి తీసుకుంది. తలాడించి బయటికి వచ్చింది.

తన గదికి వచ్చి బీరువా తెరిచింది. ఆరేళ్ళ ఎర్ర ముద్రలు ఒకే కట్టలో ఉన్నాయి. నేల మీద కూర్చుని దారం విప్పింది. బోను అనుకున్న ఆ పది వాక్యాల్లో ఎనిమిదింటికో తొమ్మిదింటికో కాగితం కాగితం మీద బాల్‌పెన్నుతో అవును, అవును, అవును. వీళ్ళలో ఉత్తుత్తి మంచివాళ్ళు చాలామందే ఉండి ఉండాలి. మందుల డబ్బాలవాడూ ఇందులోనే ఉన్నాడు. కానీ ఇంకెవరైనా ఉన్నారా, రెండు బస్సులు ముందుదే ఎక్కేవాళ్ళు? ఏ వీధిలో, ఏ గదిలో, ఏ పనిలో ఉన్నారో? ఈ ఊళ్ళో తను రోజూ దాటిపోయే మనుషుల్లో ఇలాంటివాళ్ళు ఎందరు? మేడమ్‌కు భయం వేసింది. భయం కంటే పెద్దదేదో కూడా వేసింది. కాగితాలను మాత్రం లెక్కపెడుతూ, చంటిపిల్లల గుడ్డలు సర్దినంత మెల్లగా ఒకదాని మీద ఒకటి సర్దింది.

సాయంత్రం పుస్తకాన్ని తిరిగి మేకుకు తగిలించడానికి పనిముట్ల గదికి వెళ్ళింది. ఉద్యోగం ఖాయమన్న కబురు నర్సమ్మ ముందే చెప్పేసినట్టుంది, గుడ్డలు మడిచే ఆవిడ అక్క భుజం పట్టి ఊపుతోంది. అక్క నవ్వుతోంది కానీ చేతులు ట్రే మీదే ఉన్నాయి.

మేడమ్ పుస్తకాన్ని తగిలించి, చివరి పేజీ తెరిచింది. దారానికి వేలాడుతున్న పెన్ను అందుకుంది. ఈ గదిలో పనిచేసే వాళ్ళే రాయాలేమోనని నర్సమ్మ వైపు చూసింది. నర్సమ్మ తలూపింది. మేడమ్ నిదానంగా రాసింది.

'ఆరేళ్ళలో అరవై ఒక్క కాగితాల మీద నమ్మదగినది కాదని ముద్ర వేశాను. వాళ్ళలో ఎవరు నిజం చెప్పారో చూడలేదు. చూడాలని తోచలేదు. నా కాగితం మీద ఆ ముద్ర పడలేదు, పడాల్సింది.'

సంతకం పెడుతుంటే వెనక నుంచి అక్క వచ్చి నిలబడింది. చదివింది. ముక్కు మీద చెమట మోచేత్తో తుడుచుకుంది.

"ఈ అరవై ఒకటీ ఇంకోసారి లెక్కపెట్టారా అమ్మా?"

"లేదు" అంది మేడమ్.

"పెట్టండి."

మేడమ్ అలాగేనని మెట్ల వైపు నడిచింది. మెట్ల పక్కన చేతిలో సీసా పట్టుకుని ఒక ముసలాయన నిలబడి, "పరీక్షలు చేసేది ఎక్కడమ్మా?" అని అడిగాడు. ఆవిడ ఆగింది. ఎప్పటిలాగా వేలు చూపించి ఊరుకోకుండా, ఆయన మోచెయ్యి పట్టుకుని రక్తం పరీక్షల గది తలుపు దాకా తీసుకెళ్ళి దిగబెట్టింది. తరవాత పైకెక్కి, లైటు వేసి, నేల మీద కూర్చుని, కట్ట విప్పి ఒకటినుంచి లెక్కపెట్టింది.

అరవై మూడు.

మళ్ళీ కిందికి దిగింది, అంకె దిద్దడానికి.